.44 రివాల్వర్‌తో జింక వేటకి ఏ పోత బుల్లెట్? కీత్ తరహానా, వెడల్పు చదును ముక్కా?

కొండగాలి

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న .44 మాగ్నమ్ సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగాల్సిన రివాల్వర్) ఉంది. నాలుగు సీజన్లుగా జింకల వేట దానితోనే. అరవై గజాలు దాటితే కాల్చను, అంతకు మించి నా చేతి మీద నాకు నమ్మకం లేదు.

పోయిన సీజన్లో జరిగింది చెప్తాను. నలభై గజాల్లో పక్కకి తిరిగి నిలబడ్డ మగజింక. బుల్లెట్ భుజం వెనకే తగిలింది, తగలడం నాకు కనిపించింది కూడా. అయినా అది పడలేదు, పొదల్లోకి పరుగెత్తింది. నేల మీద రక్తం ఎక్కడో ఒక చుక్క, మళ్ళీ చాలా దూరం పోయాక ఇంకో చుక్క. రెండు గంటలు వెతికితే దొరికింది కానీ, ఆ రెండు గంటలు అది ఎంత బాధపడిందో అన్న ఆలోచన ఇప్పటికీ వదలడం లేదు. ఒలిచి చూస్తే లోపలికి ఒక కన్నం, బయటికి ఒక కన్నం, రెండిట్లోనూ నా చిటికెన వేలు పట్టదు. అవి కొన్న పోత బుల్లెట్లు (సీసం కరిగించి అచ్చులో పోసినవి), 240 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత), బాగా గట్టివి, ముక్కు గుండ్రంగా ఉండి కొసన చిన్న చదును.

ఈసారి నేనే పోసుకుందామనుకుంటున్నాను. మూడు అచ్చులు చూసి పెట్టుకున్నాను: 250 గ్రెయిన్ల కీత్ తరహా సెమీ వాడ్‌కట్టర్, 260 గ్రెయిన్ల డబ్ల్యూఎఫ్ఎన్ (వెడల్పు చదును ముక్కు), 300 గ్రెయిన్ల డబ్ల్యూఎఫ్ఎన్ గ్యాస్ చెక్‌తో (బుల్లెట్ అడుగున తొడిగే చిన్న లోహపు టోపీ). కొనేది ఒక్కటే. మీరైతే ఏది కొంటారు?

పోతపని

తమ్ముడూ, ఆ రెండు కన్నాలే నీకు జవాబు చెప్తున్నాయి. రివాల్వర్ బుల్లెట్ సెకనుకు 1000 నుంచి 1400 అడుగుల మధ్య పోతుంది. రైఫిల్ బుల్లెట్ లాగా వేగంతో చుట్టుపక్కల కండని చీల్చే శక్తి దీనికి లేదు. ఇది చేసే పనంతా ముక్కు కొసన ఉన్న చదునుతోనే, దాన్నే మెప్లాట్ అంటాం. గుండ్రటి ముక్కు కండని పక్కకి నెట్టి జారిపోతుంది, అది వెళ్ళాక కండ మళ్ళీ మూసుకుంటుంది. వెడల్పు చదును అలా జారలేదు, ఎదురొచ్చిన దాన్ని నలుపుతూ, అంచు నుంచి పక్కలకి విసిరికొడుతూ పోతుంది, కన్నం తెరుచుకునే ఉంటుంది, రక్తం కారే దారి ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది, చదును ముక్కు ఉన్న బుల్లెట్ లోపల దారి తప్పకుండా నేరుగా పోతుంది.

కీత్ తరహా అంటే అమెరికన్ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ 1920లలో .44 స్పెషల్ కోసం గీసిన బుల్లెట్. అచ్చులు చేసే లైమన్ కంపెనీ వాళ్ళ 429421 నంబరు అచ్చు అదే. సమాన వెడల్పుతో మూడు బ్యాండ్లు (చుట్టూ ఉండే పట్టీలు), లోతైన ల్యూబ్ గాడి (కందెన నింపేది), ఏటవాలు క్రింప్ గాడి (రౌండ్ ఇత్తడి గొట్టం, అంటే కేసు, అంచుని నొక్కి బుల్లెట్‌ని బిగించేది), చదును అడుగు. ఆయన 16 పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం కలిపి పోసేవాడు, గట్టి లోహం కాదు అది. .44 స్పెషల్‌లో ఆయన చేసిన బలమైన లోడ్లే 1955-56లో .44 మాగ్నమ్ రావడానికి దారి తీశాయి. కాబట్టి నీ తుపాకీ పుట్టుకలోనే ఈ బుల్లెట్ ఉంది.

దాని మెప్లాట్ సుమారు 0.28 అంగుళం. డబ్ల్యూఎఫ్ఎన్‌లో అది దాదాపు 0.34. చూడ్డానికి చిన్న తేడాలా ఉంది కానీ ఆ చదును వైశాల్యం లెక్కేస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. అరవై గజాల లోపు జింక అంటే నా ఓటు 260 డబ్ల్యూఎఫ్ఎన్‌కి.

మైక్రోమీటర్

అచ్చు గురించి ఎవరూ ఇంకేమీ చెప్పొద్దు, ముందు ఒక ప్రశ్న. కొండగాలి గారూ, మీ సిలిండర్ త్రోట్‌లు (ఒక్కో గది ముందు చివర బుల్లెట్ దాటే సన్నటి భాగం) ఎంత? బ్యారెల్ గ్రూవ్ (లోపలి గాడుల దగ్గర వ్యాసం) ఎంత? కొన్న బుల్లెట్ల సైజు ఎంత? కాల్చాక బ్యారెల్లో సీసం అంటుకుంటోందా?

కొండగాలి

డబ్బా మీద 0.429 అంగుళం అని ఉంది. త్రోట్ ఎప్పుడూ కొలవలేదు. సీసం మాత్రం బాగా అంటుకుంటుంది, బ్యారెల్ మొదట్లో, సిలిండర్ వైపు. ఇరవై రౌండ్లకే గురి కాగితం మీద గుళ్ళ గుంపు చెదిరిపోతుంది. గట్టి బుల్లెట్ కదా, సీసం అంటుకోకూడదు అనుకున్నాను.

మైక్రోమీటర్

చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే పట్టుబట్టి అడిగాను. బుల్లెట్ త్రోట్ కంటే సన్నగా ఉంటే దాని పక్కల నుంచి వేడి గ్యాస్ దూసుకుపోతుంది, టార్చ్‌తో కోసినట్టు బుల్లెట్ అంచుల్ని కోస్తుంది, ఆ కరిగిన సీసమే బ్యారెల్ మొదట్లో అంటుకునేది. మెత్తటి బుల్లెట్ అయితే ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసేస్తుంది, గట్టి బుల్లెట్ ఉబ్బదు. అంటే సైజు తక్కువైన గట్టి బుల్లెట్ అన్నిటికంటే చెడ్డది, మీరు వాడింది సరిగ్గా అదే అయుండొచ్చు.

కొలవడం కష్టం కాదు. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి, సిలిండర్ బయటికి తీయండి, శుభ్రంగా తుడిచి కొంచెం నూనె రాయండి. త్రోట్ కంటే కాస్త లావున్న మెత్తటి సీసపు ముక్కని ఒక్కో గదిలోంచీ చెక్క పుల్లతో మెల్లగా నెట్టి బయటికి తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. వెర్నియర్ కాలిపర్ వద్దు, అంగుళంలో వెయ్యో వంతు తేడా పట్టుకోవాలి, దానికది చాలదు. ఆరు గదులూ కొలవాలి, ఒక్కటి కొలిచి మిగతావీ అంతే అనుకోవద్దు. తర్వాత బ్యారెల్లోంచి ఒక ముక్క. అది నెట్టేటప్పుడు ఫ్రేమ్ దగ్గర, బ్యారెల్ మర బిగించిన చోట, చెయ్యి బిగుసుకున్నట్టు అనిపిస్తే అదీ రాయండి. కొన్ని తుపాకుల్లో అక్కడ నొక్కుకుపోయి ఉంటుంది, త్రోట్‌కి సరిగ్గా కుదిరిన బుల్లెట్‌ని కూడా అది సన్నం చేసేస్తుంది.

ఆరుగదులు

మెప్లాట్ గురించి పోతపని గారు చెప్పింది ఒప్పుకుంటాను కానీ జింకకి అంత లోతు ఎందుకండీ? సన్నటి జంతువు, పక్క నుంచి పక్కకి ఎంతుంటుంది? నేను 20 పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం వేసి హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న బుల్లెట్) పోస్తాను, 1100 అడుగుల వేగం. ఊపిరితిత్తుల్లో తగిలితే విచ్చుకుంటుంది, జింక అక్కడక్కడే పడుతుంది. ఎనిమిది జింకలు తీశాను ఇలా. వెతకాల్సిన పనే రాలేదు.

జింకజాడ

ఎనిమిదీ పక్కకి తిరిగి నిలబడ్డవేనా అన్నా?

అడగడానికి కారణం ఉంది. నేనూ మెత్తటి హాలో పాయింటే వాడేవాణ్ణి. ఒకసారి జింక ఏటవాలుగా నా వైపు తిరిగి ఉంది, ఆగాల్సింది, ఆగలేదు. బుల్లెట్ భుజం ఎముక మీద తగిలి అక్కడే పూర్తిగా విచ్చుకుని ఆగిపోయింది, ఊపిరితిత్తుల దాకా వెళ్ళనే లేదు. రెండో రౌండ్ వేయాల్సి వచ్చింది. తప్పు నాదే, ఆ కోణంలో కాల్చకూడదు, కానీ బుల్లెట్‌లో కూడా నాకు మిగులు లేదు. అప్పటి నుంచి గట్టి ముక్కు, రెండు వైపులా కన్నం, అంతే.

అలాగని మరీ గట్టిగానూ వద్దు. లైనోటైప్ లోహంతో (ముద్రణ అక్షరాలు పోసే సీసపు మిశ్రమం) పోసిన బుల్లెట్లు (గట్టితనం కొలత అయిన బ్రినెల్‌లో 22 దగ్గర) ఎముక తగిలితే గాజులా పగులుతాయి. అందులో యాంటిమొనీ 12 శాతం, అదే పెళుసుతనం. ముక్కు విరిగిపోతే మనం డబ్బు పెట్టి కొన్న ఆ వెడల్పు చదును పోయినట్టే.

కొండగాలి గారూ, బయటికి వచ్చిన కన్నం ఎంత ఎత్తులో ఉంది?

కొండగాలి

ఇప్పుడు ఆలోచిస్తే ఎత్తులోనే. వెన్నుకి నాలుగు వేళ్ళు కింద.

జింకజాడ

అయితే ఊపిరితిత్తుల పై అంచుకి మాత్రమే తగిలింది. అలా తగిలినప్పుడు రక్తం లోపలే నిండుతుంది, నేల మీద పడదు. తప్పంతా బుల్లెట్‌ది కాదు, మీరు ఎత్తుగా కొట్టారు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఎందుకంటే అచ్చు మార్చినంత మాత్రాన ఇది పోదు. ఛాతీ ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టండి.

ఆరుగదులు

అవును, ఎనిమిదీ పక్కకి తిరిగినవే. అలా లేకపోతే నేను కాల్చను. మీరు చెప్పింది అర్థమైంది, నా పద్ధతి నా ఓపిక మీద నడుస్తోంది. అడవి పందికి మాత్రం నేనూ హాలో పాయింట్ వాడను, మగపంది భుజాల మీద ఆ మందపాటి గట్టి పొర ఉంటుందే, దాని ముందు ఇది పనికిరాదు.

అచ్చుముద్ర

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాది .357. నాలాంటి వాళ్ళకి చెప్పండి. జింకకి సరిపోతుందా అసలు? సరిపోతే లైమన్ అచ్చుల్లో 358429 కొనాలా, 358156 కొనాలా?

పోతపని

దూరం తగ్గించుకుంటే సరిపోతుంది, నేనైతే ముప్ఫై అయిదు గజాలు దాటను. 358429 కూడా కీత్ గీసిందే, 173 గ్రెయిన్ల దాకా ఉంటుంది, మంచి బుల్లెట్, కానీ ముక్కు పొడవు. క్రింప్ గాడిలో క్రింప్ చేస్తే .357 కేసులో మొత్తం పొడవు పెరిగి కొన్ని రివాల్వర్లలో సిలిండర్ ముందు నుంచి బయటికి పొడుచుకొస్తుంది, తిరగదు. కొనే ముందు మీ సిలిండర్ పొడవు చూసుకోండి. 358156 రే థాంప్సన్ గీసింది, గ్యాస్ చెక్ ఉంటుంది, రెండు క్రింప్ గాళ్ళు ఉంటాయి, సుమారు 155 గ్రెయిన్లు. మాగ్నమ్ ఒత్తిడిలో కాస్త మెత్తటి లోహం వాడుకోవచ్చు, సీసం అంటుకోదు. చిన్న కాలిబర్‌లో నాకు కొంచెం మెత్తదనం కావాలి, మెప్లాట్ ఎలాగూ చిన్నదే కాబట్టి ముక్కు కాస్త నలిగి వెడల్పు అయితే మంచిదే. చక్రాల తూకపు సీసం (కారు చక్రాల బరువు సరిచేయడానికి బిగించే ముక్కలది), రెండు శాతం తగరం, గాల్లోనే చల్లార్చు, నీళ్ళలో వేయకు.

అచ్చుముద్ర

నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? అందరూ అలాగే వేస్తున్నారు కదా?

మైక్రోమీటర్

అచ్చులోంచి వేడిగా నీళ్ళ బకెట్‌లోకి వదిలితే యాంటిమొనీ, కొంచెం ఆర్సెనిక్ ఉన్న లోహం గట్టిపడుతుంది. బ్రినెల్ 12 ఉన్నది 18 నుంచి 22 దాకా పోవచ్చు. తగరం, సీసం మాత్రమే ఉంటే ఏ తేడా రాదు. మీ ఒత్తిడికి ఆ గట్టితనం అవసరమా అన్నదే ప్రశ్న, .44 మాగ్నమ్ గరిష్ఠ ఒత్తిడి 36,000 పీఎస్ఐ అయినా సైజు కుదిరితే బ్రినెల్ 12 బుల్లెట్ గ్యాస్ చెక్‌తో శుభ్రంగా పోతుంది, నేను ఏళ్ళుగా కాలుస్తున్నాను.

బకెట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఆ బకెట్ కరిగిన సీసపు కుండకి దూరంగా, కింద ఉండాలి. కుండలోకి ఒక్క చుక్క నీళ్ళు దిగినా ఆవిరై పేలి సీసం మొహం మీదకి వస్తుంది. కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా, గాలి ఆడే చోటు. పని అయ్యాక చేతులు కడగకుండా ఏదీ నోట్లో పెట్టొద్దు. చక్రాల తూకాల్లో ఇప్పుడు జింకు లోహంతో చేసినవి కూడా వస్తున్నాయి, జింకు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గరే. కుండ వేడి 370 దాటనివ్వకపోతే అవి పైన తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. కలిసిపోతే ఆ కుండంతా వృథా.

కొండగాలి

కొలిచాను. ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. అయిదు గదులు 0.4315. ఒక్కటి 0.429. బ్యారెల్ గ్రూవ్ 0.430, ఫ్రేమ్ దగ్గర బిగింపు ఏమీ తెలియలేదు. కొన్న బుల్లెట్ ఆ అయిదు గదుల్లోంచి చెయ్యి పెట్టకుండానే జారి కింద పడింది.

మైక్రోమీటర్

సీసం అంటుకోవడానికీ గుంపు చెదరడానికీ కారణం దొరికింది. బుల్లెట్ 0.431కి సైజ్ చేయండి (అంటే డైలోంచి నెట్టి ఆ వ్యాసానికి తేవడం), అయిదు గదుల్లో వేలితో నెడితే కాస్త పట్టి పట్టి వెళ్ళాలి. ఆ ఆరో గది వేరే సమస్య. అది బుల్లెట్‌ని 0.429కి నలిపేస్తుంది, తర్వాత 0.430 బ్యారెల్లో అది వదులు. ఆ ఒక్క రౌండే ఎప్పుడూ పక్కకి పోతూ ఉండుంటుంది. రీమ్ చేయించండి, అంటే లోపల గీకి వెడల్పు చేయించండి. చేయించేదాకా ఆ గది వాడకండి. అచ్చు కొనేటప్పుడు మీ లోహంతో కనీసం 0.432 వచ్చేది అడగండి, సన్నగా పోసిన బుల్లెట్‌ని లావు చేయలేం. పౌడర్ కోటింగ్ (బుల్లెట్‌కి పొడి పట్టించి వేడిచేసి అంటించే పూత) వేసేట్టయితే అది వ్యాసానికి అంగుళంలో ఒకటి రెండు వెయ్యో వంతులు కలుపుతుంది, ముక్కుకి కూడా కలుపుతుంది, కాబట్టి కోటింగ్ అయ్యాకే సైజ్ చేయాలి.

ఆరుగదులు

కీత్ తరహా కొంటే ఆ ఆరో గదిలో రౌండ్ దిగదు కూడా. దాని ముందు బ్యాండ్ పూర్తి వ్యాసంతో కేసు బయటే ఉంటుంది, త్రోట్‌లోకి దూరాలి.

జింకజాడ

అది కీత్ బుల్లెట్‌లో లోపం కాదు, ఆ బ్యాండ్ త్రోట్‌లో కూర్చోవడం వల్లే అది నేరుగా బయల్దేరుతుంది. వందసార్లు కాల్చి మురికి పట్టిన సిలిండర్లో మాత్రం చిరాకు పెడుతుంది, అది నిజం.

కొండగాలి

300 గ్రెయిన్ల దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. బరువు ఎక్కువైతే ఇంకా మంచిది కదా?

పోతపని

జింకకి దాని అవసరం లేదు. 260 డబ్ల్యూఎఫ్ఎన్ 1200 అడుగుల వేగంతో జింకని రెండు వైపులా దాటి నేలలో దిగుతుంది. 300 కూడా దాటి నేలలోనే దిగుతుంది, కాకపోతే నీ మణికట్టుని కూడా కొట్టి మరీ. ఎలుగుబంటి, పెద్ద మగపంది, ఎల్క్ లాంటి వాటికి భుజం ఎముకలు దాటి లోతుకి పోవాలి, అక్కడ 300 కావాలి.

ఇంకో రెండు సంగతులు. బరువు పెరిగితే ఎదురుదెబ్బకి సిలిండర్లో మిగిలిన రౌండ్ల బుల్లెట్లు కేసుల్లోంచి ముందుకి జరుగుతాయి, ఒకటి బయటికి వస్తే సిలిండర్ తిరగదు, వేటలో అది జరిగితే చేతిలో ఇనుప ముక్క ఉన్నట్టే. క్రింప్ గాడి లోతుగా ఉన్న డిజైన్, గట్టి క్రింప్ కావాలి. పరీక్ష తేలిక: ఒక రౌండ్‌ పొడవు కొలిచి సిలిండర్లో పెట్టి మిగతావి కాల్చు, మళ్ళీ కొలువు. పెరిగిందంటే క్రింప్ చాలదు. రెండోది, బుల్లెట్ బరువు మారితే గుళ్ళు పడే ఎత్తు మారుతుంది, నెమ్మదిగా పోయే బరువు బుల్లెట్ సాధారణంగా పైకి పడుతుంది, సైటు మొత్తం కిందికి దించాల్సి రావచ్చు. పౌడర్ కొలతలు నేను ఇక్కడ రాయను, పౌడర్ తయారీదారుల లోడింగ్ పుస్తకం చూసి కింది నుంచి మొదలుపెట్టు.

ఆరుగదులు

డబ్ల్యూఎఫ్ఎన్‌కి వ్యతిరేకంగా ఒక్కటి చెప్తాను. వంద గజాల దగ్గర నా .45 కోల్ట్‌లో అది గుంపు కట్టలేదు, కాగితం మీద కన్నాలు కోలగా పడ్డాయి, అంటే ఊగుతూ వెళ్ళింది. అదే తుపాకీలో ముక్కు పొడవైన ఎల్ఎఫ్ఎన్ చక్కగా వెళ్ళింది. అరవై గజాలు దాటని మనిషికి ఇది అడ్డు కాదనుకోండి.

అచ్చుముద్ర

మా రాష్ట్రంలో సీసం వేటకి వాడొచ్చో లేదో చూసుకోవాలని ఇప్పుడే తట్టింది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసపు బుల్లెట్లు పూర్తిగా నిషేధం. పోత బుల్లెట్ తునకలవదు అన్నా చట్టానికి తేడా లేదు, సీసమే కదా. కొన్ని రాష్ట్రాల్లో హ్యాండ్‌గన్ వేటకి కాలిబర్, బ్యారెల్ పొడవు నిబంధనలు వేరే ఉన్నాయి. అచ్చు కొన్నాక తెలిస్తే బాధ.

కొండగాలి

నేనుండే చోట రెండూ అనుమతే, చూసుకున్నాను.

260 డబ్ల్యూఎఫ్ఎన్, గ్యాస్ చెక్ లేనిది తెప్పించాను. చక్రాల సీసం, రెండు శాతం తగరం, గాల్లో చల్లార్చినవి, 0.431 సైజు, తేనెమైనం ఆలాక్స్ ల్యూబ్. అయిదు గదులు మాత్రమే. యాభై గజాల్లో అయిదు రౌండ్లు రెండున్నర అంగుళాల్లో పడ్డాయి, ఈ తుపాకీతో ఇంతకు ముందు ఎప్పుడూ అయిదు అంగుళాల లోపు చూడలేదు. యాభై రౌండ్ల తర్వాత బ్యారెల్లో గుడ్డ తిప్పితే బూడిదరంగు తప్ప సీసం లేదు. మొదట పోసినవి ముడతలు పడ్డాయి, అచ్చు చల్లగా ఉండటం వల్లని అర్థమయ్యాక వాటిని తిరిగి కరిగించేశాను.

మైక్రోమీటర్

చాలా సంతోషం. కూర్చుని కాల్చిన గుంపు అది. వేటలో ఎలా కాలుస్తారో అలాగే, మోకాలి మీదా, చెట్టుకి ఆనుకునీ సీజన్ దాకా కాల్చండి.

కొండగాలి

ఆలస్యంగా రాస్తున్నాను, సీజన్ అయిపోయింది.

మొదటి ఉదయం ఒక జింక ఏటవాలుగా నిలబడింది, కాల్చలేదు. జింకజాడ గారు చెప్పింది గుర్తొచ్చింది. మూడో రోజు సాయంత్రం ముప్ఫై ఎనిమిది గజాల్లో పక్కకి తిరిగి ఒకటి, మోకాలి మీద ఆనించి కింది మూడో వంతులో పెట్టాను. అదిరిపడి పరుగెత్తింది. అరగంట కూర్చున్నాను, ఆ అరగంట చాలా టెన్షన్. తర్వాత వెళ్ళి చూస్తే తగిలిన చోట నుంచే రక్తం, ఆకుల మీద రెండు వైపులా, వంగి వెతకాల్సిన పని లేదు. నలభై అయిదు అడుగులు వేసేసరికి పడి ఉంది. రెండు ఊపిరితిత్తులూ, బయటి కన్నంలో బొటనవేలు దూరింది. మాంసం దాదాపు ఏమీ పాడవలేదు. బుల్లెట్ దొరకలేదు, అవతలి వైపు మట్టిలోకి పోయింది.

జింకజాడ

మొదటి రోజు కాల్చకుండా వదిలారే, అది చదివి ఎక్కువ ఆనందం వేసింది.

పోతపని

ఆరో గది?

కొండగాలి

రీమింగ్‌కి ఇచ్చాను అన్నా. మిగతా అయిదింటికి సమానంగా 0.4315 చేయమన్నాను. వచ్చాక ఆరూ మళ్ళీ కొలిచి రాస్తాను.